సున్నం పట్టిన జిప్పు

డబ్బులు మాత్రమే పెట్టుకుంటే జిప్పు పర్సు నాలుగేళ్లు వస్తుంది. తాళంచెవులు పెడితే రెండేళ్లు. మా వైపు ఆడవాళ్లు ఆకూ, వక్కా, సున్నం పెట్టుకుంటారు. ఆ పర్సు ఏడాది తిరగదు. కర్నూలులో కాలేజీ మానేసి వచ్చి, మార్కాపురంలో మా చిన్నాన్న పుల్లారావు ఫ్యాన్సీ దుకాణంలో కూర్చున్నాక నేను నేర్చుకున్న చదువు ఇంతే.

అర్ధవీడు శ్రీశైలమ్మ కొన్నది ఎర్ర రెక్సిన్ పర్సు. ఆంధ్రరాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. గొర్రెలు అమ్మడానికి మొగుడు లింగయ్యతో సంతకు వచ్చి మా దుకాణం ఎక్కింది. జిప్పు తీసింది, వేసింది, మళ్లీ తీసింది.

"ఇక్కడే అరగ్గొడతావా ఏంది తల్లీ?" అన్నాడు చిన్నాన్న.

"అరిగితే ఇంగోటి ఇయ్యి శెట్టీ. గోడ నిండా తగిలించుకోనుండావు గదా. ఎన్నాళ్లొస్తాదో ముందు అది చెప్పు."

"నువ్వున్నన్నాళ్లూ వస్తుంది, పో."

"అయితే నాకంటే గట్టిదే," అన్నాడు లింగయ్య.

"నీ మాదిరిగా కాదులే. ఇది మూస్తే నోరు మూసుకోనుంటాది."

ఆ వేసవిలో మందతోపాటు ఇద్దరూ నల్లమల ఎక్కారు. సున్నం డబ్బా మూత ఊడి జిప్పుకు పట్టింది. ఆమె తిట్టుకుంటూ పళ్లతో లాగి తీసేదట. తర్వాత ఆమెకు అడవి జ్వరం తగిలింది. పర్సు తీసేవాళ్లు లేకపోయారు.

లింగయ్య ఒక్కడే దుకాణానికి వచ్చాడు. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పర్సు. జిప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది.

"రేపు దినం. ఆమె వక్కాకు ఆమెకు పెట్టాల. కొయ్యకుండా తియ్యి అబ్బయ్యా."

దినంనాడు పోయినవాళ్లు ఇష్టంగా తిన్నవి విస్తట్లో పెడతారు.

"కొత్త వక్క కొని పెట్టు లింగయ్యా. ఆమెకు తెలుస్తుందా?" అన్నాడు చిన్నాన్న.

"ఆమె చేత్తో కొట్టుకున్న వక్కే పెట్టాల."

చింతపండు నానబెట్టి, ఆ పులుసు జిప్పు మీద పోసి రుద్దాను. సున్నం నురగలు కక్కింది. సగం దాకా కదిలి ఆగిపోయింది. నాకు ఓపిక తక్కువ. గట్టిగా లాగాను. రెండు ఇత్తడి పళ్లు ఊడి బల్ల మీద పడ్డాయి, పర్సు తెరుచుకుంది.

లోపల ఎండిపోయిన ఆకు, వక్క ముక్కలు ఉన్నాయి. ఒక ముక్క సగం కొరికి ఉంది. లింగయ్య చూశాడు. ముక్కలు ఏరి తువ్వాలు కొంగున కట్టుకున్నాడు. కొరికినది మాత్రం పర్సులోనే ఉంచాడు.

"ఇంగ మూయి."

మూశాను. నేను లాగిన కొద్దీ వెనకనుంచి విచ్చుకుంటూ వచ్చింది. మళ్లీ లాగాను. అంతే.

"మూసుకోదు లింగయ్య మామా."

చిన్నాన్న గోడ మీది ఎర్ర పర్సు ఒకటి తీశాడు. "ఇది తీసుకుపో. ఊరికే ఇస్తున్నా."

"ఎవురికి?" అన్నాడు లింగయ్య.

పర్సు నోరు రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని మెట్లు దిగాడు.

సాయంత్రం టీకి బస్టాండు వైపు వెళ్లాను. అర్ధవీడు వైపు పోయే కంభం బస్సు కిక్కిరిసి ఉంది. ఎక్కాలంటే కమ్మీ పట్టుకోవాలి. లింగయ్య కర్ర కింద పడేశాడు. పర్సు నోరు వదలకుండా, ఖాళీ అయిన చేత్తోనే కమ్మీ పట్టి పైకి లేవబోయాడు. చెయ్యి జారింది.

"ఆ చేత్తో గూడా పట్టుకో పెద్దాయనా!" అని అరిచాడు కండక్టరు.

లింగయ్య పట్టుకోలేదు. బస్సు వెళ్లిపోయింది. వంగి కర్ర తీసుకుని, ఆ దారినే నడక మొదలుపెట్టాడు.