తెల్ల తుండు పక్కన ఎరుపు

ఉన్నది ఉన్నట్టు చూపించడం ప్రేమా, చూసేవాళ్ల మనసు కష్టపడకుండా కాస్త బాగుచేసి చూపించడం ప్రేమా? ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఫోన్ ఎత్తి ఎవరి మొహం వైపు పట్టినా, కొన్నేళ్లుగా లోపల ఎక్కడో మెదులుతూనే ఉంది. ఈ ఏడు మిర్చి కోతలు మొదలైన రోజుల్లో, పొద్దున్నే కాలేజీకి బయలుదేరబోతుంటే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, మా మేనత్త ఇక లేదని. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

అత్తయ్యది సత్తెనపల్లి దగ్గర పల్లె. మామయ్య త్వరగా పోతే, కొడుకుని పెంచుకుంటూ మిర్చీ పత్తీ తనే దగ్గరుండి సాగుచేయించింది. ఆ కొడుకే నాకు బావ. చేలో ఆ గట్టు మీద మనిషిని ఈ గట్టు మీంచి పిలిచిన గొంతు కదా, ఫోన్లోనూ అలాగే మాట్లాడేది. నేను చెవికి బెత్తెడు దూరంలో పట్టుకునేదాన్ని. "వినపడుతోందా?" అని అరిచేది. పక్కింటివాళ్లకి కూడా వినపడుతోందని నేను చెబితే, "వాళ్లూ బాగున్నారా?" అని అడిగేది.

బావ కొత్త ఫోన్ కొనిచ్చిన ఏడాది ఆమె మొట్టమొదట ఫొటో తీసింది మనవల్ని కాదు, కల్లంలో ఎండుతున్న మిరపకాయల్ని. మా వైపు ఇప్పుడు సరుకు బయలుదేరకముందే ఫొటో బయలుదేరుతుంది. గుంటూరు యార్డులో మా కాయ అమ్మిపెట్టే వ్యాపారికి వాట్సాప్‌లో పంపితే, అది చూసి ఆయన రకం చెబుతాడు. ఆ ఏడాది అత్తయ్య పంపిన ఫొటో చూసి ఆయన ఎగిరి గంతేశాడు. సరుకు లారీ దిగాక ఫోన్ చేశాడు. నేనప్పుడు పక్కనే ఉన్నాను.

"అమ్మగారూ, ఫొటోలో కాయ పెళ్లికూతురండీ. బస్తా విప్పితే పెళ్లికూతురి నాయనమ్మ దిగింది!"

అత్తయ్య నవ్వలేదు. ఫోన్ నా ఒళ్లో పడేసి, "చూడవే అమ్మాయ్, నేను తీసింది ఒకటి, ఇది చూపించింది ఒకటి. నన్ను అబద్ధాలకోరుని చేసింది" అంది.

ఇద్దరం కల్లంలో కాయలు ఆరబోసే పరదా పట్టా మీద కూర్చుని ఆ కెమెరా సెట్టింగులన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూశాం. ఎదురుగా ఏముందో దానంతటదే గుర్తుపట్టి రంగులు దిద్దే ఏర్పాటొకటి ఉంది. ఆకాశాన్ని ఇంకా నీలం చేస్తుంది, అన్నంలో కూరని ఇంకా నోరూరేలా చేస్తుంది, మిరపకాయకి అడక్కుండానే ఎరుపు పూస్తుంది. దాన్ని ఆపేశాం. కాయల మీద వేలు అదిమిపట్టి ఉంచితే ఫోకస్, వెలుగు అక్కడే ఆగిపోతాయని కనిపెట్టాం. పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కొంచెం కిందికి లాగితే ఎండకి తెల్లబోయిన కాయ మళ్లీ తన రంగుకొస్తుంది. అది అత్తయ్యకి భలే నచ్చింది. "పైనున్న ఆ సూర్యుడు ఏనాడూ నా మాట వినలేదు. వీడు నయం, లాగితే దిగుతున్నాడు" అంది.

అయినా రంగు పూర్తిగా కుదరలేదు. తెరంతా ఎరుపే నిండితే కెమెరా తికమకపడి నీలం వైపు జారిపోతోంది. వైట్ బ్యాలెన్స్ అని ఒకటుంది, దాన్ని చేత్తో సరిచేసుకోవచ్చు, కానీ దేన్ని చూసి సరిచేయాలి? నేను ఆలోచిస్తూ ఉండగానే అత్తయ్య భుజం మీది తుండు తీసి కాయల పక్కన పరిచింది. ఉతికి, ఆరేసి, మడతపెట్టుకున్న తెల్ల తుండు. "ఇది తెల్లగా కనపడేదాకా తిప్పు" అంది. తిప్పాను. తుండు తెల్లబడింది. దాని పక్కన కాయ ఉన్నది ఉన్నట్టు, కాస్త మాసిన ఎరుపుతో, కనపడింది.

"చూసేవాడు మనల్ని నమ్మి చూస్తాడు. వాడి నమ్మకం పాడుచెయ్యకూడదు" అంది అత్తయ్య. అప్పటికది మిరపకాయల గురించే.

ఆ తర్వాత ఆమె తీసిన ప్రతి ఫొటోలో ఓ మూల తుండు ఉండేది. ఊళ్లో మిగతావాళ్లూ అలవాటు చేసుకున్నారు. వీడియోలయితే మోచేతులు రెండూ పక్కటెముకలకి ఆనించి, అడుగులో అడుగు వేస్తూ, "ఇదిగోండి మంచి కాయ, ఇదిగోండి తాలు, దాచిందేం లేదు" అని తెల్లబారిన తాలుకాయల కుప్ప కూడా చూపించేది. ఆవిడ వీడియో చూస్తే కల్లందాకా వచ్చి వెళ్లినట్టేనని వ్యాపారి అనేవాడు. తీసేముందు లెన్సు తుడవడం మరిచిపోయేది కాదు. "నీ కళ్లజోడు తుడుచుకోవూ? దానిదీ కన్నే." తుడిచేది మాత్రం మిరప ఘాటు పట్టిన పమిటచెంగుతో. తర్వాత ఆ ఫోన్ మొహానికి ఆనించుకుని, కళ్లు మండి, నీళ్లు కారుతూ, ఫోన్నే తిట్టేది.

మొహాల దగ్గరా అదే పట్టుదల. ఒక పెళ్లిలో నేను తీసిన సెల్ఫీ చూసి, "ఇదెవత్తే?" అంది.

"నేనే అత్తా."

"నీ నుదుటి మీద మచ్చేది?"

నా ఫోన్లో చర్మాన్ని నునుపు చేసే సెట్టింగు ఆన్‌లో ఉంది. నేనెప్పుడూ పట్టించుకోలేదు. "మా గడప తగిలి బోర్లాపడితే అయిన మచ్చ. అది చెరిపేస్తే నువ్వు మా ఇంట్లో పెరిగావని ఎవరు చెబుతారే?" అని, నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఎక్కడుందో వెతికి మరీ ఆపేసింది.

అందుకే ఆ రోజు ఆస్పత్రిలో జరిగింది నాకింకా మింగుడుపడదు.

గుంటూరు ఆస్పత్రిలో చేర్చి అప్పటికి చాలా రోజులైంది. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి నేను వెళ్లేదాన్ని. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లకింద నలుపు. గొంతు ఎంత చిన్నదైందంటే, నేను వంగి నా చెవి ఆమె నోటి దగ్గర పెట్టవలసి వచ్చేది. కోతలు నడుస్తున్నాయి, కూలీల్ని వదిలి బావ రోజూ రాలేకపోతున్నాడు. రోజుకో ఫొటో పంపమన్నాడు. ఆ సాయంత్రం నేను ఫోన్ ఎత్తగానే అత్తయ్య చెయ్యి కదిపింది.

"నున్నగా చేసేది ఒకటుందిగా. అది పెట్టు."

"నీకది గిట్టదుగా అత్తా?"

"ఇవాళ పెట్టు."

పెట్టాను. కిటికీ వెలుగు మొహం మీద పడేలా మంచం తల ఎత్తించాను. తీసి చూపిస్తే, ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఏమనుకుంటోందో తెలియలేదు. చివరికి, "బాగుంది. వాడికి ఇదే పంపు" అంది.

పంపాను. వెంటనే బావ ఫోన్ చేశాడు. గొంతులో ఎన్నాళ్లకో ఉత్సాహం. "అమ్మ మొహం తేరుకుందే! ఈ చేను కోసేసి, ఎల్లుండి వస్తానని చెప్పు." చెప్పాను. అత్తయ్య తలూపింది. ఫొటోలో ఆ సెట్టింగు సంగతి బావకి నేను చెప్పలేదు, చెప్పమని ఆమె అనలేదు. ఎల్లుండి వచ్చేలోపే ఆమె వెళ్లిపోయింది.

పెద్దకర్మకి గోడ మీద పెట్టే ఫొటో కావాలంటే, నా ఫోన్లోంచి రెండు ఫొటోలు తీసి బావ ముందు పెట్టాను. ఒకటి కల్లంలో తీసింది. ఎండకి కళ్లు చికిలించి, నోరు తెరిచి ఎవరినో కేకేస్తూ, భుజం మీద తుండుతో. రెండోది ఆస్పత్రిలోది. అప్పుడే అతనికి సంగతి చెప్పాను, ఏ సెట్టింగు పెట్టానో, ఎవరు పెట్టమన్నారో. బావ ఫొటోని వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు.

"నిజంది చూసుంటే ఆ రాత్రే బండెక్కేవాణ్ణి," అన్నాడు. కోపం లేదు గొంతులో, అదే నాకు కష్టమైంది. ఆ తర్వాత, "కానీ అమ్మ కావాలని నాకు పంపింది ఇదే. ఇదే పెట్టించు" అన్నాడు.

స్టూడియో అతను పెద్దది చేయడానికి, ఏ దిద్దుబాటూ లేని అసలు ఫొటో అడిగాడు. లేదు. నునుపు చేసిందే నా ఫోన్లో మిగిలింది. ఆ సాయంత్రపు అత్తయ్య మొహం ఇక నా కళ్లలో తప్ప ఎక్కడా లేదు.

ఇప్పుడు హాల్లో దండ వేసి ఉన్నది ఆ ఫొటోనే. ఏళ్ల తరబడి అత్తయ్యతో కలిసి కాయలు కోసిన ఒకావిడ వచ్చి, దాని ముందు నిలబడి, "అమ్మగారి చెల్లెలల్లే ఉందమ్మా" అని దణ్ణం పెట్టుకుని వెళ్లింది. బావ విన్నాడు. అయినా ఫొటో మార్చలేదు.

తిరిగి తిరిగి ఆలోచిస్తాను. కొడుకు కంగారుపడకూడదనా? వాడు చేనొదిలి రాకూడదనా? లేక ఎవరి కోసమూ కాదు, ఒక్కసారి తన మొహం తనకి బాగా కనపడాలనా? అది ఆమె హక్కు కాదా? మిరపకాయకి వద్దన్నది మనిషికి వద్దని ఎందుకు అనుకోవాలి? మరి, నమ్మి చూసిన కొడుకు సంగతో?

మొన్న బావ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. కల్లంనిండా ఈ ఏటి కాయ. రంగు ఎక్కువా లేదు, తక్కువా లేదు. మూలన అత్తయ్య తుండు, ఉతికి, మడత విప్పి పరిచినది, తెల్లగా. ఆ ఎరుపు నిజమని ఒట్టేసి చెప్పగలను. ఆ సాయంత్రం ఆమె పెట్టమన్నది పెట్టి మంచి చేశానో, చెడు చేశానో మాత్రం నాకు తెలియదు.