డేగ సారు కూతురి మార్కులు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, బస్సుల్లో అందరూ ‘డేగ సారు’ అనే అంటారు. టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. బస్సెక్కగానే టికెట్లు అడగడు, మొహాలు చూస్తాడు. ఉన్నట్టుండి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టినవాడి దగ్గరికి నేరుగా వెళ్ళి నిలబడతాడు. ఇంట్లోనూ అంతే. పాలు చిక్కగా ఉన్నా అనుమానమే, కూరలవాడు నవ్వినా అనుమానమే.

అలాంటి మనిషికి కూతురు మార్కులు చూపించింది. డిగ్రీ మొదటి ఏడాది బొటాబొటిగా గట్టెక్కిన పిల్లకి, ఇప్పుడు ఆఖరి ఏడాది మొదటి సెమిస్టరులో క్లాసులో అందరికన్నా ఎక్కువొచ్చాయి.

“లా కాలేజీ సీటుకి ఈ మార్కులూ చూస్తారు, ప్రవేశపరీక్షా పెడతారు. రాస్తాను నాన్నా.”

“ఇవెలా వచ్చాయో తేలేదాకా ఆ పరీక్ష ఊసెత్తకు.”

నాయనమ్మ టీవీ గొంతు తగ్గించకుండానే, “పిల్లకి మార్కులొస్తే కడుపునొప్పి తెచ్చుకునే తండ్రిని నిన్నే చూశాన్రా,” అంది.

“నువ్వూరుకోమ్మా. కాపీ కొట్టి లా చదివితే రేపు కోర్టులో ఏ మొహంతో నిలబడుతుంది?”

కూతురు మార్కుల కాగితం మడిచి గబుక్కున పుస్తకంలో పెట్టేసుకుంది. ఆ తొందర ఆయనకి మరీ అనుమానంగా తోచింది.

ఆ వారమే ఒక కండక్టరు నోరు జారాడు. “మీ అమ్మాయి పొద్దున కాలేజీ దగ్గర దిగదు సార్. చివరి స్టాపు దాకా వచ్చి, మళ్ళీ ఇదే బస్సులో వెనక్కొచ్చి దిగుతుంది.”

“ఎవరితో?”

“ఒక్కతే సార్, వెనక సీట్లో. పక్కన ఎవరినీ కూర్చోనివ్వదు.”

ఆ చోటు ఎవరికోసం అట్టిపెడుతోందో చూడాలనుకున్నాడు డేగ సారు. మర్నాడు యూనిఫాం లేకుండా తనిఖీకి బయల్దేరి, కాలేజీ దాటిన తర్వాతి స్టాపులో బస్సెక్కాడు. కూతురు తలెత్తలేదు. బస్సు కదలగానే పుస్తకంలోకి వంగుతోంది, ఆగేలోపు పెన్సిలుతో ఏదో గీస్తోంది.

“ఈ సీటెవరికి?” అన్నాడు పక్కన నిలబడి.

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. “పుస్తకాలకి నాన్నా. ఇంట్లో నాయనమ్మ టీవీ హోరులో ఏదీ బుర్రకెక్కదు. క్లాసు పాఠాలూ ఇక్కడే చదువుకుంటా. ప్రవేశపరీక్షలో పేరాలు గబగబా చదివి జవాబివ్వాలి. అందుకని స్టాపుకో పేరా.”

ఆయన నమ్మలేదు. పుస్తకాలు పక్కకి నెట్టి కూర్చున్నాడు. జవాబుల పేజీలు అరచేత్తో మూసిపెట్టి, తనకి నచ్చిన పేరా తీసి, “ఇది చెయ్యి,” అన్నాడు. బస్సు కదిలింది. బ్రేకు పడేలోపు ఆ అమ్మాయి ముగించింది. ఆయన చెయ్యి తీసి సరిచూశాడు. అన్నీ ఒప్పే, ఒక్కటి తప్ప. కాపీ అయితే అదీ ఒప్పయ్యేదే. ఆ తప్పు చూశాకే ఆయన మనసు కుదుటపడింది.

కుదుటపడింది గానీ, అలవాటు ఊరుకోదుగా. “పాసేదీ?”

పాసు ఇంటి నుంచి కాలేజీ వరకే.

“కాలేజీ ఎప్పుడో దాటింది,” అన్నాడు.

“నేను వెళ్ళేది కాలేజీకే నాన్నా. చుట్టూ తిరిగి వెళ్ళకూడదని దీనిమీద ఎక్కడుంది?”

ఆయన పాసు అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా లేదు. ఇన్నేళ్ళలో పర్సు మర్చిపోయామన్నవాళ్ళనీ, ఏడ్చినవాళ్ళనీ చూశాడు గానీ, ఇలా అడిగినవాళ్ళు లేరు. అయినా జరిమానా రసీదు చింపి చేతిలో పెట్టాడు.

“ఇది అన్యాయం. అప్పీలు చేస్తాను.”

“చేద్దువుగాని. ముందు ఆ పరీక్ష రాసి సీటు తెచ్చుకో.”

కూతురు నవ్వు దాచుకుని ఇంకో పేరాలోకి వంగింది. డేగ సారు తలెత్తాడు. నిన్న నోరు జారిన కండక్టరు కిటికీలోంచి బయటికి తెగ చూస్తున్నాడు.

ఆయన లేచి, నేరుగా వెళ్ళి అతని దగ్గర నిలబడ్డాడు.