వీధిలో మొదటి ముగ్గు

ఈ బరువు నాతోపాటే కాటికి పోతుందనుకున్నాను. పోయేటట్టు లేదు. మీతో చెబుతాను. నా పేరు మాత్రం అడగొద్దు.

ప్రొద్దుటూరులో మాకు చీరల అంగడి. నేను రాత్రికి రెండు గంటలే పడుకుంటానని జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా చెప్పుకున్నాను. కొన్నిచోట్ల ఒక్క గంటే అన్నాను. నమ్మారు. నన్ను చూపించి పిల్లలకు బుద్ధి చెప్పినవాళ్లూ ఉన్నారు. తలచుకుంటే ఒళ్లు మండుతుంది. మరి నీ భార్య ఎప్పుడు పడుకుంటుందని ఒక్కడైనా అడిగాడా?

వీధిలో మొదటి ముగ్గు మా వాకిట్లోనే పడాలని నా పంతం. కోడి కూయకముందే ఆమెను లేపేవాణ్ణి. ఆమె కళ్లాపి చల్లడం మొదలుపెట్టగానే నేను మళ్లీ ముసుగు తన్నేవాణ్ణి. మధ్యాహ్నం అంగట్లో చీరల మూటల వెనక ఇంకో కునుకు. రాత్రి అంగడి మూసి వచ్చి నేను తిన్నాకే ఆమె నడుం వాల్చేది. పగలు ఆమెకు కన్ను మూతబడితే, వచ్చినవాళ్ల ముందు 'నిద్రమొగం' అని ఎగతాళి చేసేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా. ఎందుకు నవ్వింది? ఆ కళ్లాపి నీళ్లు నా మొహాన కొట్టి ఉండకూడదా?

ఇప్పుడామెకు అల్జీమర్స్. గాఢనిద్రలో మెదడు తనలోని చెత్తను కడుక్కుంటుందని, ఏళ్ల తరబడి నిద్ర కరువైతే ఈ జబ్బు వచ్చే అవకాశం పెరగొచ్చని డాక్టరమ్మ చెప్పింది. జబ్బు కూడా నిద్రను చెడగొడుతుంది, దేనివల్ల ఏది వచ్చిందో ఒక్కరి విషయంలో తేల్చలేమంది. తర్వాత, ఇన్నేళ్లూ ఈమె నిద్ర ఎలా ఉండేదని అడిగింది. మా కూతురు పక్కనే ఉంది. శానా బాగా నిద్రపోయేదని చెప్పాను. మూటల వెనక దాక్కున్నట్టే, ఆ 'తేల్చలేం' వెనక దాక్కున్నాను.

వయసు మీదపడ్డాక మతిమరుపు మామూలేనని చుట్టాలు నన్ను ఓదారుస్తున్నారు. ఏం మామూలు? నిద్ర దోచుకున్నవాణ్ణి కూర్చోబెట్టి ఓదార్పా?

నిన్న మధ్యాహ్నం ఆమె కుర్చీలో తూగుతోంది. పడుకోమని భుజం తట్టాను. ఉలిక్కిపడింది. నేనెవరో ఆమెకు తెలియదు.

"నిద్దరమొగందాన్ని కాదప్పా. మేలుకోనే ఉండా. ముగ్గేసేసినా."

"ముగ్గు వద్దులే. పండుకో."

"యాడ పండుకునేది? ఆయప్ప అందరి ముందర నవ్వుతాడు."

ఆయప్ప నేనేనని ఆమెతో అనలేకపోయాను. కూతురితో అన్నాను. డాక్టరమ్మ దగ్గర ఆడిన అబద్ధంతో సహా అంతా చెప్పాను. కూతురు నా మొహం చూడలేదు. వాళ్లమ్మను లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టి తలుపు వేసుకుంది.

ఈ ఉదయం వీధంతా ముగ్గులున్నాయి. మా వాకిలి ఖాళీ. ఎండెక్కినా ఆమె ఇంకా లేవలేదు, లోపల్నుంచి గురక వినిపిస్తోంది. తలుపు బయట కూర్చుని ఇది రాస్తున్నాను. చెప్పేశాను కనుక ఊపిరి ఆడుతోంది. అంతే.