తలకిందుల మాస్టారి చదువు

తలకిందుల మాస్టారు ఏది చదివినా తలకిందులుగానే చదువుతారు. పేపరైనా, ఉత్తరమైనా, కరెంటు బిల్లైనా సరే. చేతికందేదైతే దాన్ని తిప్పుతారు, అందనిదైతే ఆయనే తిరుగుతారు. బస్సు బోర్డు చేతికందదు కదా! అందుకని రోడ్డుకు వీపు పెట్టి, నడుం వంచి, కాళ్ళ సందులోంచి చదివి, "ఆఁ, మన బస్సే!" అని తలెత్తేసరికి ఆ బస్సు కాస్తా మలుపు దాటిపోతుంది. ఓసారి దగ్గుమందు మూత తీశాక, ఎన్ని చెంచాలు తాగాలో చూద్దామని సీసాను తిప్పారు. దగ్గు చొక్కాకు తగ్గింది, ఆయనకు తగ్గలేదు.

"ముప్పై ఏళ్ళ నుంచి మా పెళ్ళి ఫొటోలో ఈయనకు నేను శీర్షాసనంలోనే కనబడుతున్నాను" అంటారు వాళ్ళావిడ.

బడిలో ఆయనది మూలగది. చదవడంలో వెనకబడిన పన్నెండు మంది పిల్లల్ని రోజుకో గంట అక్కడికి పంపుతారు. ఆ బడికి కొత్తగా వచ్చిన చిన్న టీచరుకు మొదటి వారమే ఓ చిక్కొచ్చిపడింది. పెద్ద టీచరు పిలిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, మన మాస్టారికి అసలు చదవడం వచ్చంటావా?"

నవ్వాలో బెదరాలో తెలీక చిన్న టీచరు ఓ దగ్గు దగ్గింది.

"నవ్వులాట కాదే తల్లీ! ఆయన పేపరు తిరగేసి పట్టుకోవడం చూసి, చదువురాని వాడిచేత చదువు చెప్పిస్తున్నారని ఎవరో పైకి రాశారు. శుక్రవారం తనిఖీ ఆయన వస్తున్నారు. తేడా వచ్చిందా, మూలగది మూసేస్తారట. ఆ పన్నెండు మందినీ నేనెక్కడ పెట్టుకోను? కాస్త కనిపెట్టి చెప్పు."

చిన్న టీచరు కనిపెట్టడం మొదలుపెట్టింది. టీ వేళకు వెళ్ళి మాస్టారి ఎదురుగా కూర్చుంది. ఆయన బల్ల మీద పేపరు పరిచి "అయ్యో పాపం" అంటున్నారు.

"ఎవరికేమైందండీ?"

"ఎవరికీ ఏం కాలేదు తల్లీ. రేపూ వాన లేదట."

వార్త నిజమే. కానీ చదివి చెప్పారా, ఎవరి దగ్గరైనా విని చెప్పారా? ఇలా కాదని తెగించింది.

"మాస్టారూ, పేపరు అలా ఎందుకు పెట్టుకుంటారు?"

"ఎలా?"

"తలకిందులుగా."

మాస్టారు పేపరును ఎగాదిగా చూశారు. "నీకు తిన్నగానే ఉందిగా?"

"నాకు తిన్నగానే ఉందండీ."

"ఇంకేం మరి!" అని టీ తాగేశారు.

ఆ జవాబేమిటో ఆమెకు బోధపడలేదు. మాస్టారు రాసిన హాజరు పట్టీ తీసి చూసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. రాయడం వచ్చినాయనకు చదవడం రాకుండా ఉంటుందా? ఒకవేళ ఉంటే? గురువారం సాయంత్రానికి "వచ్చండీ, కానీ రాదేమోనండీ" అని పెద్ద టీచరుకు నివేదించింది. పెద్ద టీచరుకు తలనొప్పి మాత్ర వేసుకోక తప్పలేదు.

శుక్రవారం తనిఖీ ఆయన రానే వచ్చారు. టీచర్లిద్దరూ ఆయన వెనకే మూలగదిలోకి నడిచారు. ఆయన సంచీలోంచి అచ్చు కాగితమొకటి తీసి మాస్టారికిచ్చి, "చదవండి" అన్నారు. మాస్టారు అలవాటుగా దాన్ని తిరగేసి గడగడా అందుకున్నారు.

"ఆగండాగండి! ఇదేం విడ్డూరం? తిన్నగా పట్టుకుని చదవండి."

మాస్టారు కాగితం తిప్పారు. చూశారు. నుదుట చెమట పట్టింది. "ప్... ప్రా..." దగ్గర బండి ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా చూడని వైపు మరి! 'అయిపోయింది, మూలగదికి తాళం పడింది' అనుకుంది చిన్న టీచరు.

అప్పుడు ముందు వరసలోంచి రెండు జడల పిల్ల లేచింది. చిన్న టీచరు ఈ వారంలో ఆ పిల్ల గొంతే వినలేదు. ఆ పిల్ల తన పీట లాక్కొచ్చి మాస్టారి ఎదురుగా వేసుకు కూర్చుంది. కాగితం మీద వేలు పెట్టింది.

"భయపడకండి మాస్టారూ. అక్షరాలు ఎక్కడికీ పారిపోవు. ఒక్కటే చూడండి. ఆఁ, ఇప్పుడు చెప్పండి."

"ప్రా... థ... ప్రాథమిక."

"శభాష్! చూశారా, వచ్చుగా మీకు!"

మిగతా పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. వాళ్ళకిది మామూలే. కాకపోతే ఇవాళ వంతు మాస్టారిది.

"ఏం జరుగుతోందమ్మా ఇక్కడ?" అన్నారు తనిఖీ ఆయన, ఎవర్నడగాలో తెలీక గోడ కేసి చూస్తూ.

మాస్టారు చెమట తుడుచుకున్నారు. "మొదట్లో నేనూ పిల్లల పక్కనే కూర్చునేవాణ్ణండీ. పక్కన కూర్చుంటే చెవి కనబడుతుంది. ఎదురుగా కూర్చుంటే కళ్ళు కనబడతాయి. ఏ అక్షరం దగ్గర బెదురుతున్నారో కళ్ళే చెప్పేస్తాయి."

"అయితే పుస్తకం మీ వైపు తిప్పుకోవచ్చుగా?"

"పుస్తకం వాళ్ళిల్లండీ, నేను చుట్టాన్ని. చుట్టమొచ్చాడని గుమ్మం తిప్పుకుంటారా ఎవరైనా?"

చిన్న టీచరుకు టీ బల్ల గుర్తొచ్చింది. 'నీకు తిన్నగానే ఉందిగా!'

"నువ్వు చదువుతావా పాపా?" అన్నారు తనిఖీ ఆయన. మాస్టారి చేతులు వాటంతటవే కాగితాన్ని పిల్ల వైపు తిప్పేశాయి. ఆ పిల్ల ఆగుతూ, మింగుతూ, మాస్టారి మొహం కేసి చూస్తూ, మొదటి వాక్యం చివరిదాకా చదివింది. మాస్టారికీ ఇప్పుడు కాగితం బాగా కనబడింది.

ఆ మర్నాటి నుంచి చిన్న టీచరు కూడా రోజూ మూలగదిలో ఓ పీట వేసుకుంది. నెల తిరిగేసరికి పైనుంచి ఉత్తరం వచ్చింది. పెద్ద టీచరు దాన్ని బల్ల మీద పెట్టుకుని కళ్ళజోడు కోసం సొరుగులు వెతుకుతుంటే, ఎదురుగా నిలబడ్డ చిన్న టీచరు ఆగలేక చదివేసింది. "మూలగదిని ఉన్నదున్నట్టు కొనసాగించాలి, ఎదురెదురుగా వేసుకోవడానికి మరో పన్నెండు పీటలు ఇప్పించాలి, అని రాశారండీ!"

పెద్ద టీచరు ఉత్తరం కేసి చూశారు. అది తన వైపు తిరిగి ఉంది. చిన్న టీచరు కేసి చూశారు.

"అమ్మాయ్! నీకూ అంటుకుందా?"

ఆ సాయంత్రం బస్టాపులో మాస్టారికీ చిన్న టీచరుకూ, ఇద్దరికీ బస్సు తప్పిపోయింది.