మా ఇంటి సర్వర్‌లో అవతలి పార్టీ పాట

కుక్కర్ గాస్కెట్ పోయిందని మా అత్తయ్యతో అన్నాను. అన్నానంతే, ఎక్కడా వెతకలేదు, ఎవరికీ టైపు చెయ్యలేదు. సాయంత్రానికల్లా నా ఫోన్ నిండా కుక్కర్ల ప్రకటనలే. ఒళ్ళు మండిపోయింది. మా వంటింట్లో ఏం పాడైందో ఎక్కడో కూర్చున్న కంపెనీకి దేనికంట? ఆ కోపంలోనే ఇంట్లో సర్వర్ పెట్టాను.

సర్వర్ అంటే పెద్ద మాటేగానీ, నరసరావుపేటలో మూసేసిన నెట్ సెంటర్ నుంచి తెచ్చిన పాత కంప్యూటర్ అది. గురజాలలో కాలేజీ పిల్లలకి నేను చెప్పేది కంప్యూటర్లే కాబట్టి దాన్ని బతికించగలిగాను. బియ్యం డబ్బా మీద పెట్టి, ఇంట్లో అందరి ఫోన్లలో ఉన్న పాటలూ సినిమాలూ గంపగుత్తగా అందులోకి ఎక్కించి, టీవీకి కలిపాను. వాటిలో కొన్ని డబ్బులు పెట్టి కొన్నవి. మిగతావి ఎక్కడివని అడక్కండి. మా ఆయన లారీ మీద పోతూ ఫోన్ చేసి, "కంపెనీవాళ్ళు మనింట్లోకి తొంగిచూస్తే దొంగలంటివి, మరి నువ్వు చేసిందేందే?" అన్నాడు. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

మా మామయ్య మాత్రం ఆ పెట్టె చుట్టూ రెండుమూడు సార్లు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, ఇందులో మనం వినేది ఎవరికీ తెలవదుగా?"

"దేవుడికి కూడా తెలవదు మామయ్యా."

"అయితే నా ఫోన్లో కూడా వినేట్టు పెట్టు."

మామయ్యకి పార్టీ అంటే ప్రాణం. అవతలి పార్టీవాడి హోటల్లో టీ తాగడు. వాళ్ళ జెండా రంగులో ఉందని అత్తయ్య ముచ్చటపడి కొనుక్కున్న చీరని షాపులో తిరిగి ఇప్పించాడు. వాళ్ళ నాయకుడి ఫ్లెక్సీ నీడన నిలబడాల్సి వస్తదని బస్టాండులో ఎండకి మాడతాడు. చివరికి తోడబుట్టిన తమ్ముణ్ణే వదులుకున్నాడు. చిన్నమామయ్య ఉండేది మా వీధి చివరే. నాపరాళ్ళ క్వారీలో పని. పోయిన ఎన్నికలప్పుడు అవతలి పార్టీలో చేరాడు. ఊరికే చేరినా సరిపోను, వాళ్ళకి ప్రచార పాట పాడిపెట్టాడు. ఆటోలకి మైకులు కట్టి మా గుమ్మం ముందు పొద్దస్తమానం తిప్పారు దాన్ని. అప్పట్నించి అన్నదమ్ములకి మాటల్లేవు. వీధిలో ఎదురుపడితే ఇద్దరూ ఒకేసారి సైడు కాలవలోకి చూస్తారు, అందులో ఏదో పడిపోయినట్టు.

ఊళ్ళో మళ్ళీ ఎన్నికలొస్తున్నాయని ఒకరోజు మామయ్య పార్టీవాళ్ళంతా మా ఇంట్లో కూర్చున్నారు. ఈసారి మామయ్యనే బూత్ ఏజెంటుగా పెట్టాలని అనుకుంటున్నారు. ఆయనకి జీవితంలో ఇంకేం అక్కర్లేదు. అత్తయ్య అందరికీ మజ్జిగ ఇస్తోంది.

"అమ్మా, టీవీలో మన పాట పెట్టు, ఊపొస్తది," అన్నాడు మండల నాయకుడు.

పెట్టాను. టీవీ వెలిగింది. 'ఈ ఇంట్లో ఎక్కువగా విన్న పాట' అని పైన ఒక పెట్టె. ఆ పెట్టెలో అవతలి పార్టీ జెండా, చిన్నమామయ్య పాట. కింద 'విన్నవారు' అని మా మామయ్య ఫొటో. ఆయన ఫోన్‌ని సర్వర్‌కి కలిపినప్పుడు నేను తీసి పెట్టిన ఫొటోనే, మెడలో సొంత పార్టీ కండువా వేసుకుని నవ్వుతున్నాడు. ఆ సర్వర్ ఇట్టా ఇంటి గుట్టంతా గోడకెక్కిస్తదని నాకేం తెలుసు!

మజ్జిగ గ్లాసులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"కోవర్టా?" అన్నాడు మండల నాయకుడు.

"తమ్ముడితో రాజీ ఎప్పుడయ్యావు?" అన్నాడు ఇంకొకాయన.

నాకైతే బియ్యం డబ్బాలో దూరి మూత పెట్టుకుందామనిపించింది. మామయ్య మాత్రం తొణకలేదు. కండువా సర్దుకుని నావైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఈ పాట కొని తెచ్చామా?"

"లేదు మామయ్యా. మీ అబ్బాయి ఫోన్లో ఎవరో పంపింది పడి ఉంటే, దాంతోపాటు వచ్చేసింది."

"వాళ్ళనడిగి పెట్టామా?"

"లేదు."

"అంటే దొంగ కాపీ. విన్నారుగా? దొంగ కాపీ వింటే పాట గలవాళ్ళకి నష్టమని ఈ పిల్లే కాలేజీలో పాఠం చెప్తది. నేను విన్నప్పుడల్లా వాళ్ళకి నష్టమే. మీరు జై కొట్టి ఇంటికి పోయి పడుకుంటారు. నేను రోజూ పనిగట్టుకుని వాళ్ళని నష్టపెడుతున్నా."

ప్రచార పాట ఎంతమంది వింటే వాళ్ళకి అంత లాభం గదా అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. "అదీ నిజమేలే," అన్నాడు మండల నాయకుడు. వెనకాల ఒకాయన అప్పటికే జేబులోంచి పెన్ డ్రైవ్ తీశాడు. "మాక్కూడా వెయ్యమ్మా."

వారం తిరక్కుండా మామయ్య పార్టీ ఇళ్ళన్నిట్లో అవతలి పార్టీ పాట మోగడం మొదలైంది. పక్కింటి మెకానిక్ భాయ్ షెడ్డులో రెంచీ తిప్పుతూ అదే పాట. "ట్యూన్ మామూలుగా లేదమ్మా, నష్టపెట్టేకొద్దీ ఇంకా నష్టపెట్టాలనిపిస్తంది," అన్నాడు మా పాలాయన. ఆయనా మామయ్య పార్టీయే.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. కంపెనీని అన్ని తిట్లు తిట్టిన నేను, టీవీలో ఆ గుట్టు బయటపడ్డ రోజు నుంచీ ఎవరేం వింటున్నారో ఆ సర్వర్‌లో రోజూ చూస్తూనే ఉన్నాను. చూడకుండా ఉండలేకపోయాను, అంతే. మామయ్య ఆ పాట ఎప్పుడూ పూర్తిగా వినడు. రెండో చరణం దగ్గర మొదలెడతాడు, సగంలో ఆపుతాడు, మళ్ళీ అక్కడికే పోతాడు. ఫైలేమన్నా పాడైందేమోనని నేనూ నాలుగైదు సార్లు విన్నాను. బాగానే ఉంది.

ఆ ఆదివారం చిన్నమామయ్య మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. మామయ్య వరండాలో కుర్చీలోనే ఉన్నాడు, చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా ఇద్దరికీ నేనే దొరికాను.

"అమ్మాయ్, మీ మామకి చెప్పు. మా పాట మీవాళ్ళ ఇళ్ళల్లో మోగుతుంటే, నేనే ఇచ్చానని మావాళ్ళు నన్ను కోవర్టంటున్నారు. రేపో మాపో పార్టీలోంచి గెంటేస్తారు. ఆ పెట్టెలోంచి తీసెయ్యమను."

"అమ్మాయ్, ఆ పాట వాడిదెట్టా అయిందో అడుగు. ఆ ట్యూను మా నాయన అరక దున్నుతా పాడుకున్నది. నాయన్నడిగి తీసుకున్నాడా వాడు?"

"పోయిన మనిషిని ఎట్టా అడిగేదో చెప్పమను. ఆయన నాక్కూడా నాయనేనని చెప్పు."

నాకు తిక్క రేగింది. "ఇద్దరికీ చెవులున్నాయిగా, మధ్యలో నేనేందీ మైకులాగా! తీసేస్తున్నా, పీడా వదులుద్ది," అని లోపలికి పోయి మౌస్ పట్టుకున్నాను.

మామయ్య గబగబా వెనకాలే వచ్చాడు. "ఆగమ్మాయ్, తియ్యబాక."

"ఇంకా ఎవర్ని నష్టపెట్టాలి మామయ్యా?"

ఆయన నావైపు చూడలేదు. "రెండో చరణం పెట్టు," అన్నాడు. పెట్టాను. "ఇదిగో, ఇక్కడ. ఊపిరి అందట్లా వాడికి. దగ్గు ఆపుకుని పాడుతున్నాడు. జలుబేమో అనుకున్నా మొదట్లో. కాదు. ఆ క్వారీ దుమ్మే."

నేను అన్నిసార్లు విన్నా నాకు వినపడలేదు అది. అయినా నా నోరు ఊరుకోదుగా. "రోజూ విన్నా ఇందులో దగ్గు అంతే ఉంటది కదా మామయ్యా. పెరగదు, తగ్గదు."

"ఇంకేం వినేదమ్మాయ్? వాడు నాతో మాట్లాడడాయె."

బయట చిన్నమామయ్య దగ్గాడు. ఆపుకోబోయాడు గానీ ఆగలేదు. పాటలో ఉన్న దగ్గు కాదది, దానికంటే చానా ముదిరింది. మామయ్య వరండాలోకి పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఈసారి నన్ను పిలవలేదు.

"ఒరేయ్, డాక్టరుకి చూపించుకున్నావా?"

"లేదన్నా," అన్నాడు చిన్నమామయ్య, చెప్పులు విడుస్తూ.