నా పేరున ఎవరో తీసుకున్న లైన్ క్లియర్

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు మొదటినుంచీ నవ్వే. నేను లైన్‌మన్‌ని. పదహారేళ్ళుగా మానవపాడు చుట్టుపక్కల ఊళ్ళలో కరెంటు స్తంభాలు ఎక్కుతున్నాను. మా ఊరి శ్మశానం పక్కన ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. నేను దాని గద్దె మీద కూర్చుని సద్ది తిన్న రోజులున్నాయి. నన్నెవరూ పలకరించలేదు, పచ్చడి అడగలేదు.

అసలు మా పనిలో నమ్మకాలు పనికిరావు. తీగలో కరెంటు లేదని దేవుడే దిగొచ్చి చెప్పినా, పరీక్ష చేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. అట్లాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తాను, తెలియనిది తెలియదనే రాస్తాను.

ముందు మా నాయిన గురించి చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పైగా ఆయన గురించి చెప్పడం నాకు ఇష్టం.

మా నాయిన హనుమన్న వేటగాడు. ఇందులో దాచిపెట్టేదేమీ లేదు. ఆ రోజుల్లో మా వైపు చట్టం సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. రెండు కుక్కలు, నాలుగు వలలు, కుందేళ్ళు, కౌజు పిట్టలు, అదే ఆయన లోకం. ఊరి పెద్ద పటేలుకు వేట పిచ్చి ఉండేది. ఆయనకు దారి చూపేది మా నాయినే. నేల మీద అడుగు చూసి జంతువు ఎంతసేపటి కింద పోయిందో, ఆడదో మగదో, కడుపుతో ఉందో లేదో చెప్పేవాడు.

కానీ మృగశిర కార్తె వచ్చిందంటే ఆ వలలు దూలమెక్కేవి. దీపావళి దాటేదాకా దిగేవి కావు. ఆ నెలలకు మా నాయిన పెట్టుకున్న పేరు సూడి దినాలు. సూడి అంటే కడుపుతో ఉన్న పశువు. ఆవు సూడిది, బర్రె సూడిది అని అందరూ అంటారు. అడవి జీవాలకు కూడా ఆ మాట వాడి, దాన్ని ఒక కాలానికి పేరుగా పెట్టింది మాత్రం మా నాయిన ఒక్కడే. ఇంకెవరి నోటా నేను వినలేదు.

ఒక వానాకాలం పెద్ద పటేలు ఇంటికి చుట్టాలొచ్చి జింక కూర కావాలన్నారట. పటేలు మా నాయినను పిలిపించాడు. నిండు వాకిట్లో, ఆ చుట్టాలందరి ముందర మా నాయిన ఒకటే మాట అన్నాడని మా అమ్మ చెప్పేది.

"పొలం నీదే పటేలా. సూడి దినాలు నీవి కావు."

పటేలు ముఖం కందగడ్డ అయిందట. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తానే మా ఇంటి ముందర ఆగి, మజ్జిగ అడిగి తాగిపోయాడు. ఆ తర్వాత ఆయన కూడా ఆ నెలల్లో తుపాకి ముట్టలేదు. కాళ్ళకు చెప్పులు లేని మనిషి ఒక్క మాటతో పటేలును నిలబెట్టాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

తర్వాత ఫారెస్టు వాళ్ళు ఊరికొచ్చి, ఏ కాలమైనా సరే వేట నేరమని చెప్పారు. మా నాయిన ఎదురు మాట్లాడలేదు. వలలన్నీ కోసి చిక్కుడు పందిరికి కట్టేశాడు. చివరి రోజుల్లో పొద్దుపోక నా వెంట స్తంభాల దగ్గరికి వచ్చేవాడు. కింద నిలబడి తాడు పట్టుకునేవాడు. మూడేళ్ళ కింద పోయాడు.

ఇప్పుడు మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ఉండే ఆపరేటర్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకుంటాం. ఎల్సీ అంటాం. మన పేరు, ఏ లైనో, ఏం పనో చెప్తే ఆయన లైన్ బంద్ చేసి రిజిస్టర్‌లో రాసుకుంటాడు. పని అయ్యాక, ఎవడు తీసుకున్నాడో వాడే ఫోన్ చేసి తిరిగి ఇవ్వాలి. వాడు ఇచ్చేదాకా మంత్రి చెప్పినా లైన్ వేయకూడదు. వేస్తే పైన ఉన్నవాడు బొగ్గవుతాడు.

పెద్ద పటేలు పోయాక పొలాలు కొడుకు చేతికొచ్చాయి. మేం చిన్న పటేలు అంటాం. మక్కచేను చుట్టూ సన్న తీగ లాగి, రాత్రిపూట కరెంటు లైనుకు కొండీ తగిలించేవాడు. అడవి పందుల కోసమని పేరు. పందులకైతే ఒక దారి ఉంది, పంచాయతీలో దరఖాస్తు పెడితే అనుమతి ఉన్న షూటర్లను పంపుతారు. ఆయన ఒక్కసారి కూడా పెట్టలేదు. ఎందుకు పెడతాడు? ఆయనకు కావలసింది జింక. పట్నం నుంచి దోస్తులొచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో జింక కూర ఉండాల్సిందే, వానాకాలమా ఎండాకాలమా అని లేదు.

నేను రెండుసార్లు ఆ కొండీ పీకేశాను. మళ్ళీ పడింది. పోయి అడిగితే, ఇదేమన్నా అడవా, నా చేన్లకొచ్చిందాన్ని నాకు బుద్ధి పుట్టినప్పుడు కొడతా అన్నాడు. మా సార్లకు చెప్పాను. నోటితో చెప్పాను, కాగితం మీద పెట్టలేదు. అది నా తప్పు. దాన్ని ఎవరి మీదా తోయను.

పోయిన వానాకాలం సంగతి ఇది. శ్రీరంగాపూర్‌లో మా అక్క మనవరాలికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారంటే, సెలవు పెట్టి ముందురోజే పోయాను. మా ఆవిడ జయమ్మ రాలేదు. సీడుపత్తి చేలలో క్రాసింగ్, అంటే విత్తనాల కోసం పువ్వుకు పువ్వు చేత్తో రుద్దే పని, జోరుగా ఉంది, ఒక్క రోజు మానినా మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు. పన్నెండు మంది ఆడవాళ్ళు పొద్దున్నే కలిసి పోతారు. వాళ్ళ దారి చిన్న పటేలు మక్కచేను గట్టు మీదుగానే.

మరునాడు పొద్దున పావుతక్కువ ఏడుకు సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేటర్ మల్లేష్. నాగర్‌కర్నూల్ వైపు పిల్లగాడు, మా దగ్గరికొచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. ఎల్సీ తీసుకుని అరగంట దాటింది, రైతులు మోటర్లు నడవడం లేదని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, ఇంకా ఎంతసేపు అని అడిగాడు.

నేను సెలవులో ఉన్నాను, ఏ ఎల్సీ తీసుకోలేదన్నాను. వాడు నవ్వాడు. ఆరూ పదికి నువ్వే చేసినవు గదన్నా, రిజిస్టర్ల రాసుకున్న, గొంతు జర బొంగురుగుంటే సర్ది పట్టిందేమో అనుకున్న అన్నాడు.

నాకు ముందు కోపమొచ్చింది. నా పేరు చెప్పి ఎవడో స్తంభం ఎక్కాడనుకున్నాను. మల్లేష్ బతిమాలాడు.

"అన్నా, ఊకె రిటర్న్ అను. లైన్ వేసేస్త. నాకు తిట్లు పడుతున్నయ్."

నిజం చెప్తున్నాను, ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఒక్క మాటే కదా, అనేస్తే పోతుంది. మాలో చాలామంది అనేస్తారు కూడా. కానీ నేను తీసుకోనిదాన్ని నేనెట్లా తిరిగి ఇస్తాను? పైన ఎవడున్నాడో తెలియదు. లైన్ వేస్తే ఊరుకోనని చెప్పి పెట్టేశాను. మా హెల్పర్లు ఇద్దరికీ చేశాను. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. అప్పుడే జయమ్మ ఫోన్ వచ్చింది.

మా ఆవిడ గట్టి మనిషి. ఆ రోజు ఆమె గొంతు వణుకుతోంది. గట్టు మీద తీగ తెగి పడి ఉందట. ముందు నడుస్తున్న బాలమ్మ బురదలో జారి దాని మీదే పడింది, తీగ కాలికి చుట్టుకుంది. లేపబోయి నలుగురు ఆమెను పట్టుకున్నారు. అందరి కాళ్ళూ నీళ్ళలో. అప్పుడు జయమ్మ తల ఎత్తి చూస్తే తీగ పోయి పోయి లైనుకు కొండీగా వేలాడుతోంది.

"కరెంట్ ఉంటే మేం ఉండకపోదుము గదా. ఉన్నదా, పోయిందా? జల్ది చెప్పు."

బంద్ ఉంది, కానీ ఎప్పుడొస్తుందో తెలియదు, ఆ తీగ విప్పి అందరూ ఉరకండి అన్నాను. ఆమె ఫోన్ పెట్టకుండానే విప్పింది. ఆ శబ్దాలన్నీ నాకు వినబడుతున్నాయి. బాలమ్మ దేవుణ్ణి తలుస్తోంది, ఎవరో ఏడుస్తున్నారు. నిమిషం పట్టిందో రెండు నిమిషాలు పట్టిందో చెప్పలేను. అందరం ఎక్కినం, రోడ్డు మీద ఉన్నం అని జయమ్మ అన్నాక నేను మా అక్క ఇంటి మెట్ల మీద కూర్చున్నాను. అప్పటికి పది నిమిషాల కిందే ఒక్క మాట అనేసి ఉంటే, నా చేతులతో నేనే నా ఇల్లు ఆర్పుకునేవాణ్ణి.

మల్లేష్‌కు సంగతంతా చెప్పి, నేను వచ్చేదాకా లైన్ ముట్టొద్దన్నాను. బీచుపల్లి వంతెన మీదుగా బండి ఎట్లా తోలానో నాకు గుర్తు లేదు. వచ్చీరాగానే మళ్ళీ నా పేరున, నా గొంతుతో ఎల్సీ తీసుకుని కొండీ పీకాను. లైను పొడవునా స్తంభాల మీద ఎవరూ లేరని చూసుకున్నాకే నా ఎల్సీ తిరిగి ఇచ్చాను.

చేను మూలలో తీగ మీద ఆడ జింక పడి ఉంది. రాత్రే చచ్చింది. మూతి కాలిపోయింది. కడుపు నిండుగా ఉంది, ఇంకో పది పదిహేను రోజుల్లో ఈనేదేమో. చెయ్యి వేసి చూశాను. ఏడ్చాను. చుట్టూ ఊరు ఊరంతా నిలబడి చూస్తున్నా నాకు సిగ్గనిపించలేదు. అంటే రాత్రంతా ఆ తీగలో కరెంటు ఉంది. ఆడవాళ్ళు వచ్చే ముందే పోయింది.

తర్వాత సబ్‌స్టేషన్‌కు పోయి రిజిస్టర్ చూశాను. ఆరూ పది. లైన్ పేరు సరిగ్గా ఉంది. నా పేరు, తిమ్మప్ప, సరిగ్గా ఉంది. పని అనే గడిలో మల్లేష్ చేతిరాతతో రెండే మాటలున్నాయి. సూడి దినాలు.

"సూడి దినాలంటే ఏం పనన్నా? నేనెప్పుడూ వినలే. నువ్వు చెప్పినవని రాసిన" అన్నాడు వాడు.

నేను గోడకు ఆనుకున్నాను. సబ్‌స్టేషన్ ఫోన్ తీసి చూస్తే, ఆరు గంటల నుంచి ఆరున్నర దాకా ఏ ఫోనూ వచ్చినట్టు లేదు. నా ఫోన్‌లోనూ లేదు. మల్లేష్ మాత్రం తల్లి మీద ఒట్టేసి మాట్లాడానంటాడు. వాడు కునుకులో కల గని రాసుకున్నాడని మా వాళ్ళు అంటారు. కావచ్చు. కానీ వాడు మా నాయినను చూడనే లేదు. ఆ మాట వాడికి ఎవరు చెప్పారు? నేను ఎప్పుడైనా అన్నానా అని ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు.

సాయంత్రం చిన్న పటేలు మనిషిని పంపలేదు, తానే వచ్చాడు. ఎవరికీ ఏం కాలేదు కదా, ఊరి సంగతి ఊళ్ళోనే ఉండనీ అన్నాడు. నేను వినకపోయేసరికి, మీ నాయిన కొట్టలేదా జింకల్ని అన్నాడు. ఆ మాట నాకు సూటిగానే తగిలింది. కొట్టిండు పటేలా, ఎప్పుడు కొట్టొద్దో తెలిసి కొట్టిండు, అసలే వద్దన్ననాడు వలలు కోసిండు, నువ్వు కొండీ పెట్టి ఇంట్ల పండుకున్నవు అన్నాను. ఈసారి కాగితం మీద పెట్టాను, మా ఆఫీసుకొకటి, ఫారెస్టుకొకటి. పన్నెండు మంది ఆడవాళ్ళూ వచ్చి వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. బాలమ్మ అయితే ముద్ర గట్టిగా పడలేదని రెండోసారి వేసింది. పటేలు చేలో రేపు పని దొరకదని తెలిసీ వేశారు. వాళ్ళను చూసి నా ఛాతీ ఉప్పొంగింది. కేసు నడుస్తోంది.

మా ఆఫీసు తరఫున విచారణకు వచ్చిన సారు మంచివాడు. ఆయనకు అడ్డం పడింది ఆ ఎల్సీ ఒక్కటే. నేనే ఫోన్ చేశానని ఒప్పుకుంటే అంతా సాఫీగా ఉంటుందన్నారు తోటివాళ్ళు. సెలవులో ఉండి కూడా లైన్ బంద్ చేయించి పన్నెండు ప్రాణాలు కాపాడాడని సన్మానం చేస్తారు, శాలువా కప్పుతారు. నేను ఒప్పుకోకపోతే, అడిగినవాణ్ణి సరిచూసుకోకుండా ఎల్సీ ఇచ్చాడని మల్లేష్‌కు మెమో వస్తుంది. ఆ రాత్రి వాడి ఇంటికి పోయి అడిగాను. మెమోనే గదన్నా, ఉరిశిక్ష కాదు, ఉన్నది చెప్పు అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ పిల్లగాడు. వాడికి అక్కడే దండం పెట్టాను.

వేటలో ఇంకొకరి వలలో పడ్డదాన్ని నాది అని ఏనాడూ అనని ఇంట్లో పుట్టాను. నేను చేయలేదని చెప్పాను. సారు కలం మూత తీశాడు. మరి ఎవరు తీసుకున్నారని రాయాలి అని అడిగాడు.

"లైన్ బంద్ ఉండె, పన్నెండు మంది ఇంటికొచ్చిండ్రు అని రాయండి సార్. ఎవరు బంద్ పెట్టిచ్చిండ్రో నాకు తెల్వదు."

ఆయన అట్లాగే రాశాడు. నేను కింద సంతకం పెట్టాను. మల్లేష్‌కు మెమో వచ్చింది.

ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పమని జయమ్మ అడుగుతుంది, నేను చెప్పను. రిజిస్టర్‌లో ఆ వరుసకు ఎదురుగా, తిరిగి ఇచ్చినవారి సంతకం అనే గడి ఖాళీగానే ఉంది. ఆడిటు వచ్చిన ప్రతిసారీ దాన్ని నింపమంటారు. అది నాది కాదని చెప్తాను.