బంతిపువ్వు పుట్టిల్లు

కుందలహళ్ళిలో మేమున్న అపార్ట్‌మెంట్‌లో కదిరి నుంచి వచ్చిన ఒక అవ్వ తోటపని చేసేది. అంతకుముందు పాతికేళ్ళు ఒక నర్సరీలో పనిచేసి, అక్కడికి వచ్చేవాళ్ళ మాటలన్నీ చెవిన వేసుకుంది. మొక్కకు నీళ్ళు పోస్తూ, పక్కన ఎవరుంటే వాళ్ళను “ఈయమ్మది ఏ ఊరో తెల్సునా?” అని అడిగేది. కాగితం పూలది బ్రెజిల్, బిళ్ళగన్నేరుది మడగాస్కర్ అని తనే చెప్పి మురిసిపోయేది.

ఒక ఆదివారం మా సెక్రటరీగారు విదేశీ మొక్కలన్నీ పీకించేయాలని జాబితా రాసుకొచ్చారు.

“మనవి మాత్రమే ఉంచుదాం అవ్వా. బంతి, దేవగన్నేరు, జామ చాలు.”

అవ్వ నీళ్ళ పైపు కింద పెట్టింది.

“బంతిది మెక్సికో అప్పా. దేవగన్నేరు, జామ కూడా ఆ పక్కనుంచి ఓడెక్కి వచ్చినవే. నువ్వు తినే మిరపకాయ కూడా అంతే.”

“మిరపకాయ కూడానా?” అన్నారు సెక్రటరీగారు. ఆయనది గుంటూరు. సొంత ఆస్తి చేజారినట్టు అయిపోయింది ఆయన మొహం.

“ఔనప్పా. నీది గుంటూరు, నాది కదిరి, ఇద్దరమూ ఈ ఊరోళ్ళం కాదు. మనల్ని గూడా పెరికేస్తారా ఏమి?”

చుట్టూ ఉన్నవాళ్ళం పకపకా నవ్వాం. ఆయన కూడా నవ్వేసి, జాబితా మడిచి జేబులో పెట్టుకున్నారు.

అందరూ వెళ్ళాక, అంత ధైర్యం ఎక్కడిదని అవ్వను అడిగాను.

“ధైర్యం యాడిదమ్మా? మూడే మూడు చెట్లుంటే నన్నెవరు పనిలో పెట్టుకుంటారు?” అని కొంగుతో చెమట తుడుచుకుంటూ నవ్వింది.